తెల్లగదిలో సున్నా

రోజు 1

పాత పుస్తకం నిన్నటితో నిండిపోయింది. కొలతల పుస్తకంలో అంకెలు తప్ప మరేమీ రాయకూడదని నియమం. పదకొండేళ్ళుగా నేను ఆ నియమాన్ని పాటించింది లేదు. పై ఊళ్ళో ఆఫీసువాళ్ళు ఏడాదికోసారి పుస్తకం తెప్పించుకుంటారు గానీ చదివిన దాఖలా లేదు. చదివి ఉంటే ఈపాటికి నాకు చీవాట్లు వచ్చేవి.

పొద్దున్న ఆరింటికి తెల్లగదిలో మీటరును సున్నా చేశాను. తర్వాత మడుల గట్టు మీద చూస్తే తొమ్మిది. రేవులో ఆరు. గాలిమర మెట్ల మీద మూడు.

పదిలక్షల పాళ్ళ గాలిలో కుళ్ళుగాలి ఎన్ని పాళ్ళో అదే ఈ అంకె. ఒకటి లోపుంటే బతుకంతా పీల్చవచ్చు. ఐదు దాటితే మాస్కు పెట్టుకోవాలి. పది దాటితే పని ఆపి గట్టు దిగాలి. వంద దగ్గర ముక్కు చచ్చిపోతుంది, ఆ తర్వాత మనిషి వంతు. మా పన్నెండో గట్టులో పుట్టినవాళ్ళకు ముక్కు ఎలాగూ పనిచేయదు కాబట్టి నన్నూ నా మీటరునూ నమ్ముకున్నారు. అందరూ నన్ను మీటరమ్మ అంటారు. మంగతాయారు అన్న నా పేరు మా చెల్లెలికీ అత్తకీ తప్ప ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

ఒకప్పుడు ఇవి రొయ్యల చెరువులట. సముద్రం లోపలికి వచ్చి, వెనక్కి పోవడం మరిచి నిలవ ఉండిపోయింది. అడుగు బురద కుళ్ళి గాలి పుడుతోంది. ఆ గాలిలోంచే మడుల్లో గంధకం తీసి పై ఊళ్ళ పొలాలకు పంపుతాం. యాభై మూడు మంది ఉన్నాం.

ఈ హద్దులన్నీ రోజుకు ఎనిమిది గంటల లెక్క మీద కట్టినవి. మిగతా పదహారు గంటలూ మనిషి శుభ్రమైన గాలి పీలుస్తాడని నమ్మి కట్టిన లెక్క అది. ఆ శుభ్రమైన గాలి మాకు తెల్లగదిలో దొరుకుతుంది. మీటరుకు సున్నా పెట్టేది కూడా ఆ గాలి మీదే. బయటి గాలి ముందు తుప్పు పెట్టెల్లోంచి వెళ్తుంది, తుప్పు విషాన్ని తినేస్తుంది, ఆ తర్వాతే గదిలోకి వస్తుంది. పడుకునేది అందరం అక్కడే. గర్భిణి మాత్రం నాలుగో నెల వెళ్ళిందగ్గర్నుంచి పగలు కూడా అక్కడే ఉండాలి.

ఇవాళ మా చెల్లెలు కనకరత్నాన్ని లోపలికి పంపాను. ఇది దానికి మూడో కాన్పు. మొదటి రెండూ నిలవలేదు. ఆ రెండుసార్లూ అది నా మాట వినకుండా ఆరో నెల దాకా మడుల్లో తిరిగింది. ఈసారి వినిపించాను.

"నువ్వు నాకు అక్కవా, జైలరువా?" అంది చాప పరుచుకుంటూ.

"పిల్ల పుట్టేదాకా జైలరునే. తర్వాత పెద్దమ్మని."

బుల్లెమ్మ అత్త, అంటే మా నాన్న చెల్లెలు, గుమ్మం పక్కన గోడకున్న వెండి పలకను చింతపండు పెట్టి తోముతోంది. గట్టు కట్టిన రోజున పెద్దలు పెట్టిన పలక అది. మీద ఏవో అక్షరాలు ఉండేవట, అరిగిపోయాయి. శుక్రవారం శుక్రవారం అత్త దాన్ని తోమి బొట్టు పెట్టి దణ్ణం పెడుతుంది. రత్నం చేత కూడా పెట్టించింది.

రోజు 12

గట్టు మీద ఏడు. రేవులో నాలుగు. పదకొండు రోజుల్లో రెండు తగ్గింది. మీటరును రెండుసార్లు తట్టి చూశాను, అదే మాట.

సత్తిరాజు పొద్దున్నే నా వెనకపడ్డాడు. వాడు రత్నం మొగుడు, గంధకం తోడే ముఠాకి మేస్త్రీ. "వదినా, ఏడంటే మంచిదే కదండీ? వచ్చే నెలకి ఐదవుద్దా?" అని అడిగాడు. నేనేదో గాలిని నా కొంగున కట్టుకున్నట్టు. అవ్వొచ్చు అన్నాను. వాడి ముఖం చూసి నాకూ సంతోషం వేసింది.

రత్నానికి విసుగ్గా ఉందట. గోడల్లో ఎన్ని పెచ్చులు ఊడాయో లెక్కపెట్టిందట, నూట నాలుగు. ఒకసారి నూట ఆరు వచ్చాయట. నీకు నాలాగా లెక్కలు రావు అన్నాను.

రోజు 27

గట్టు మీద ఐదు.

పదకొండేళ్ళలో ఐదు చూడటం ఇదే మొదలు. అంకె చదివి వినిపించగానే మాస్కులు తీసి గాల్లోకి ఎగరేశారు. ఐదు దాటకపోతే మాస్కు అక్కర్లేదని నేనే గోడ మీద రాసి పెట్టాను, కాదనడానికి లేదు. సత్తిరాజు ముఖాన మాస్కు అంచు ఒరుసుకుని కాయ కాసిన గీత ఉంది. దాన్ని తడుముకుంటూ నవ్వాడు. వంటశాలలో బెల్లం వేసి పరమాన్నం వండారు. బురద చల్లబడుతోందని ముసలివాళ్ళు అంటున్నారు. నేను కూడా పుస్తకంలో "గాలి బాగుపడుతున్నది" అని ఎర్ర సిరాతో రాశాను. గర్వంగానే రాశాను.

రత్నానికి తలనొప్పి. దీపం చుట్టూ గుండ్రంగా రంగులు కనపడుతున్నాయట.

"ఏడిచావా?" అన్నాను.

"లేదక్కా. కళ్ళు మండుతున్నాయంతే."

"మూడు పూటలా ఆ దీపం కేసి చూస్తా కూర్చుంటే మండవా మరి?"

కళ్ళకు చల్లనీళ్ళ గుడ్డ వేసి వచ్చాను. ఇంకో నలుగురికి కూడా పొద్దున్న లేవగానే తల దిమ్ముగా ఉందట. పరమాన్నం ఎక్కువైందని నవ్వుకున్నాం.

రోజు 38

గట్టు మీద నాలుగు. రేవులో ఒకటి. గాలిమర మెట్ల మీద సున్నా.

రత్నం ఇవాళ గొడవ పెట్టుకుంది. గాలిమర ఎక్కి కాసేపు కూర్చుంటుందట. అక్కడ సముద్రపు గాలి నేరుగా తగులుతుంది, నిజమే.

"ఒక్క గంట కూర్చుని వచ్చేత్తాను. ఈ గదిలో నాకు ఊపిరాడట్లేదు. లోపల వీడు కూడా కదలట్లేదు సరిగ్గా."

"కుదరదు."

"నీ మీటరే చెప్పింది కదే, అక్కడా సున్నా అని!"

"అక్కడా సున్నా, ఇక్కడా సున్నా. కానీ అక్కడ గాలి తిరిగితే క్షణంలో పది అవుద్ది. ఇక్కడ తిరగదు. పోయినసారి కూడా ఒక్క గంటే అన్నావు."

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. గోడ వైపు తిరిగి పడుకుంది. మధ్యాహ్నం అన్నం కూడా తినలేదు. మొండిది. నాకంటే మొండిది మా ఇంట్లో ఇదొక్కతే.

బుల్లెమ్మ అత్త పలక తోముతూ, "ఈ మజ్జన ఎంత తోమినా రెండ్రోజులకే మకిలి పడిపోతందమ్మా. రోజూ తోముతున్నాను" అంది. ఇంతమంది ఊపిర్లు తగులుతుంటే పడదా అత్తా అన్నాను.

రోజు 46

పై ఊరి నుంచి పడవ వచ్చింది. నాలుగేళ్ళుగా అడుగుతున్న కొత్త మీటరు ఎట్టకేలకు పంపారు. ఫ్యాక్టరీ సీలుతో, పెట్టెలో దూది మధ్య ఉంది. తుప్పు మాత్రం పంపలేదు. రెండేళ్ళకోసారే ఇస్తారు, మా పెట్టెలు నింపి ఏడాదిన్నరే అయింది.

పడవ నడిపే గంగరాజు పెట్టె మోసుకుని తెల్లగది దాకా వచ్చాడు. గుమ్మంలో ఆగి ముక్కు మూసుకున్నాడు.

"ఇదేంటమ్మా, లోపల కూడా కుళ్ళు కోడిగుడ్ల కంపు!"

అందరం గొల్లున నవ్వాం. పై ఊరివాళ్ళ ముక్కులు ఇక్కడి గాలి ఒకసారి తగిలితే వారం దాకా అదే వాసన మోసుకు తిరుగుతాయి. "నీ చొక్కాలో తెచ్చుకున్నావు లే గంగరాజూ" అన్నాను. పాపం, సిగ్గుపడి వెళ్ళిపోయాడు.

సీలు విప్పి గదిలోనే కొత్త మీటరు వెలిగించాను. ఆరు చూపించింది. ప్రయాణంలో కుదుపులకు గాడి తప్పి ఉంటుంది. ఏ మీటరైనా వాడే ముందు తెల్లగదిలో సున్నా చేయాలని నాకు నేర్పించారు, అలాగే చేశాను. ఇప్పుడు రెండు మీటర్లూ ఒకటే అంకె చెబుతున్నాయి. గట్టు మీద మూడు. నా పాత మీటరు ఇన్నాళ్ళూ నిజమే చెప్పిందని తేలింది. దాన్ని ముద్దుపెట్టుకున్నంత పని చేశాను.

రోజు 58

గట్టు మీద రెండు.

అంకె ఇంత తగ్గినా మనుషులు ఎందుకు ఇలా ఉన్నారో నాకు అర్థం కావడం లేదు. పొద్దున్న పదిహేను మంది తల పట్టుకుని లేచారు. సత్తిరాజుకి నిన్న తన ముఠావాళ్ళ పేర్లు గుర్తు రాలేదు. బుల్లెమ్మ అత్త కళ్ళు తిరిగి మెట్టు మీద పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు కట్టాను. పలక తోమడానికి వీల్లేకుండా పోయిందని ఏడుస్తోంది, నొప్పికి కాదు. నేను తోముతాలే అన్నాను గానీ నాకు అంత తీరిక లేదు.

రత్నం సన్నబడింది. కళ్ళు ఎప్పుడూ ఎర్రగానే ఉంటున్నాయి. పొట్ట మీద చెయ్యి వేసి చాలాసేపు కూర్చున్నాను. ఒక్కసారి కదిలాడు, చాలా నెమ్మదిగా.

"గదిలోనే ఉన్నాను కదక్కా. అడుగు బయట పెట్టలేదు కదా?"

"పెట్టలేదు. ఈసారి ఏమీ కాదు."

నేను దానికి మాట ఇచ్చాను. తలుపు సందుల్లోంచి కూడా గాలి రాకుండా గోనె కుక్కించాను.

రోజు 66

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున్న మీటరు సున్నా చేసి తల ఎత్తితే వెండి పలక కనపడింది. ఎనిమిది రోజులుగా ఎవరూ తోమలేదు. నల్లగా అయిపోయింది, పెనం అడుగులా. అత్తకి తెలిస్తే బాధపడుతుందని కొంగుతో తుడవబోయాను. పక్కనుంచి దీపం వెలుతురు పడి అక్షరాలు కనిపించాయి. నలుపు మధ్యలో అరిగిన గీతలు తేలాయి. ఇన్నేళ్ళూ దేవుడి పేరేమో అనుకున్నాం.

"నల్లబడితే గది ఖాళీ చేయండి. దీన్ని తోమవద్దు."

రెండుసార్లు చదివాను. కుళ్ళుగాలి తగిలితే వెండి నల్లబడుతుంది, ఇది మాకు పసిపిల్లలప్పటి నుంచీ తెలుసు. అందుకే ఇక్కడ ఆడవాళ్ళెవరూ పట్టీలు, మెట్టెలు పెట్టుకోరు. అయినా ఆ పలక ఎందుకు పెట్టారో ఒక్కరం ఆలోచించలేదు. అత్త భక్తితో తోముతూ వచ్చింది. నేను రోజూ దాని పక్కనే నిలబడి మీటరు సున్నా చేస్తూ వచ్చాను.

రెండు మీటర్లూ తీసుకుని గాలిమర పైదాకా ఎక్కాను. సముద్రపు గాలి బాగా వీస్తోంది. అక్కడ సున్నా చేశాను. కిందికి దిగి తెల్లగదిలో చూశాను. ఎనిమిది. కొత్త దాంతో చూశాను. ఎనిమిది.

పెట్టెల్లో తుప్పు ఎప్పుడో చచ్చిపోయింది. బురద మీది గాలి నేరుగా గదిలోకి వస్తోంది, బరువైన గాలి, వచ్చింది వచ్చినట్టు కిందనే పేరుకుంటోంది. ఆ గాలిని నేను ప్రతి పొద్దునా సున్నా అన్నాను. గది ఎంత చెడితే బయటి అంకె అంత తగ్గింది. ఇక్కడ ఎనిమిది ఉండి గట్టు మీద పది ఉంటే నా మీటరు రెండు అంది. గాలిమర మీద ఒకటి ఉన్నప్పుడు ఇక్కడి కంటే తక్కువ అని చెప్పాలి, కానీ సున్నాకు కింద చూపించడం దానికి రాదు. కొత్త మీటరు నోరు తెరిచి ఆరు అని చెబితే దాని నోరు కూడా నేనే మూయించాను.

తలుపులు బార్లా తెరిచి రత్నాన్ని సత్తిరాజు, నేను చెరో వైపు పట్టుకుని గాలిమర మీదికి ఎక్కించాం. ఎందుకని అది అడగలేదు. పైకి వెళ్ళాక గాలి గుండెల నిండా పీల్చి, "ఎంత బాగుందే అక్కా" అంది. నేను దాని పాదాల దగ్గర కూర్చుండిపోయాను.

రోజు 67

గట్టు మీద పది. ఇది నిజం అంకె. మాస్కులు మళ్ళీ పెట్టించాను.

అందరినీ రేవులో కూర్చోబెట్టి చెప్పాను. గదిలో ఎప్పుడు ఎంత ఉండి ఉంటుందో వెనక్కి లెక్కకట్టి చెప్పాను. పొద్దున్న సున్నా పెట్టేది నేనే కాబట్టి తప్పు నాదే అన్నాను. ఎవరైనా నన్ను తిడతారని ఎదురు చూశాను. ఎవరూ తిట్టలేదు. "నువ్వేం చేత్తావమ్మా, నీకు నేర్పింది నువ్వు చేశావు" అని ఒక ముసలాయన అన్నాడు. ఆ మాట కంటే చెంపదెబ్బ నయం.

సత్తిరాజు ఒక్కడే లేచి వెళ్ళిపోయాడు. సాయంత్రం చూస్తే పాత పడవల మేకులూ గొలుసులూ పోగేసి, తుప్పు గీకి గోనెల్లోకి ఎత్తుతున్నాడు. మిగతావాళ్ళూ వెళ్ళి పక్కన కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. నాకు చోటిచ్చాడు గానీ మాట్లాడలేదు. పెట్టెలు నిండేదాకా అందరం పడవల్లోనూ గాలిమర మీదా పడుకోవాలి.

బుల్లెమ్మ అత్తకు పలక మాట చెప్పకూడదనుకున్నాను. ఎవరో చెప్పేశారు. విరగని చేత్తో విరిగిన చేతిని పట్టుకుని, "నా చేతుల్తో నేనే తోమేశానమ్మా, నా చేతుల్తోనే" అని అదే మాట అంటూ కూర్చుంది. నువ్వు తోమింది ఒక్క పలక, నేను తుడిచింది రెండు నెలలు అన్నాను. ఆవిడకు వినపడలేదు.

రోజు 71

నిన్న మధ్యాహ్నం నుంచీ లోపల కదలిక లేదు. ఇవాళ పొద్దున్న రత్నానికి నొప్పులు వచ్చాయి. గాలిమర మీదే చీరలు అడ్డం కట్టాం. మగపిల్లవాడు. ఏడవలేదు. వేళ్ళూ గోళ్ళూ అన్నీ ఉన్నాయి. జుట్టు కూడా ఉంది.

గుడ్డలో చుట్టి రత్నం చేతికి ఇచ్చాను. అది చాలాసేపు చూసి, "మన నాన్న పోలికే" అంది. నాకు ఏడుపు ఆగలేదు. దానికి రాలేదు.

ఇవాళ అంకెలు తీసుకోలేదు.

రోజు 75

గట్టు మీద ఎనిమిది. రేవులో ఐదు. పెట్టెల్లో కొత్త తుప్పు పోశాం. తెల్లగదిలో నాలుగు, దిగుతోంది. మీటరును గాలిమర మీదే సున్నా చేస్తున్నాను, అక్కడ వేలాడదీసిన కొత్త వెండి ముక్క నల్లబడలేదని చూశాకే. గదిలోని పలకను ఎవరూ ముట్టుకోకుండా కర్ర అడ్డం పెట్టాను.

రత్నం నాతో మాట్లాడటం లేదు. కోపంగా లేదు. గంజి ఇస్తే తాగుతుంది, తల దువ్వితే దువ్వించుకుంటుంది. నన్ను తప్పించుకోదు కూడా. అదే నన్ను చంపుతోంది. దీన్ని ఆ గదిలోకి నేనే తోశాను. గంట గాలి అడిగితే, పోయిన బిడ్డను గుర్తుచేసి నోరు మూయించాను. దీనికి క్షమాపణ ఎలా అడగాలో నాకు తెలియదు.

రోజు 83

పై ఊరి ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. తెల్లగదిలో ఎవరెవరు, రోజుకు ఎన్ని గంటలు, ఎంత గాలి పీల్చారో మనిషికో వరుస చొప్పున పట్టిక రాసి పంపాలట. దాన్నిబట్టి వైద్యుడిని పంపుతారు.

రేవులో బల్ల వేసుకుని కూర్చుని ఒక్కొక్కరినీ పిలిచి రాసుకున్నాను. ముఠావాళ్ళకు రోజుకు పది గంటలు, వంటవాళ్ళకు పన్నెండు, అత్తకు పదహారు. సాయంత్రానికి యాభై మూడు వరుసలూ అయ్యాయి, నాదీ రాసుకున్నాను. కాగితం మడుస్తుంటే రత్నం వచ్చి ఎదురుగా నిలబడింది. ఒక్కతే గాలిమర మెట్లు దిగి వచ్చింది, ఆయాసపడుతోంది.

"నాది రాశావా?"

చూపించాను. వేలు పెట్టి తన వరుస చదువుకుంది. తర్వాత కాగితం చివరిదాకా వేలు జరుపుతూ పోయింది.

"వాడిదేదీ?"

ఆఫీసువాళ్ళు పేరు అడుగుతారు, పేరు లేకుండా రాయడానికి గడి లేదు అని ఏదో గొణిగాను.

"పేరుంది. పుట్టాక చెబుదామని నీకు చెప్పలేదు. సూర్యచంద్రం."

అది మా నాన్న పేరు. కలం తీసి యాభై నాలుగో వరుస గీశాను. పేరు రాశాను. వయసు గడి దగ్గర ఆగాను, ఖాళీగా వదిలాను. గంటల గడి దగ్గర మళ్ళీ ఆగాను.

రత్నం బల్ల మీదికి వంగింది. పన్నెండు రోజుల తర్వాత మొదటిసారి నా ముఖంలోకి చూసింది.

"పగలూ రాత్రీ లోపలే ఉన్నాడు. అరవై ఐదు రోజులు. ఒక్క గంట కూడా తగ్గించకక్కా."

రోజుకు ఇరవై నాలుగు చొప్పున వెయ్యిన్ని అయిదు వందల అరవై గంటలు. రాసి చూపించాను. అది చదువుకుని, తలూపి, వెళ్ళిపోయింది.